పెంటకుప్ప మీది సోరకాయ

నాకు నోరెక్కువ. ఈ మాట మా అమ్మ అంటుంది, నా మొగుడు నాగేశ్ అంటాడు, వనపర్తిలో నేను పనిచేసే బట్టల షాపు సేటు కూడా అంటాడు. చీర రంగు పోతుందని కొనేవాళ్ళ ముందే అనేస్తానని సేటు బాధ. అట్లాంటిదాన్ని, మొన్న శ్రావణంలో మా అత్తగారింట్లో, మాట్లాడాల్సిన చోట నోరు కుట్టేసినట్టు కూర్చున్నాను. ఆ సంగతి ఆత్మకూరు దాకా పాకింది. నలుగురి నోళ్ళలో పడి ఇంకో రకంగా మీ చెవిన పడేముందు నేనే చెబుతాను. పావని చెప్పిందని చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. పోవాల్సిన సిగ్గు ఎట్లాగూ పోయింది.

మా అత్తమ్మ పేరు జములమ్మ, మామ పేరు హన్మంతు. ఆత్మకూరుకు కూతవేటు దూరంలో ఊరు. సొంత చెలక కొంచెం, కౌలుకు పట్టింది కొంచెం. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. శ్రావణంలో తీగలు కాపుకు రాగానే, పొలం గట్టు మీది ఎల్లమ్మకు తీగకాయల కలెగూర వండి పెడతారు. గుమ్మడికాయ, సోరకాయ, బీరకాయ, పొట్లకాయ, ఏది దొరికితే అది, అన్నీ ఒకే గుండిగలో ఉడకాలి. వండే మనిషి ఒక్కపొద్దు ఉండాలి. పొయ్యి మీదికి ఎక్కాక ఉప్పు చూడటానికైనా సరే ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. ముందు అమ్మవారు తినాలి, తర్వాత మనుషులు.

అందుకని చూసేదేదో కాయలు కోసేటప్పుడే చూడాలి. ఒక్కపొద్దు లేని ఆ ఇంటి ఆడమనిషి ఒకరు పక్కన కూర్చుని, ఒక్కో కాయ తొడిమ దగ్గరి ముక్క కొరికి, బాగుందనో చేదనో చెప్పాలి. చేదైతే ఆ కాయ పక్కకు పోతుంది. ఇన్నాళ్ళూ ఆ పని మా ఆడబిడ్డ చేసింది. ఆమె ఈ ఏడు మొగుడితో కలిసి పుణె పనికి పోయింది. దాంతో నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పీట నాకు దక్కింది. నాగేశ్‌కు ట్రాక్టర్ల షెడ్డులో సెలవు దొరక్క నన్నొక్కదాన్నే ముందురోజు బస్సెక్కించాడు.

నాలుగేళ్ళలో మొదటిసారి అని ఊరికే అనలేదు. పెళ్ళై నాలుగేళ్ళయినా మాకు పిల్లల్లేరు. వనపర్తిలో చూపించుకుంటున్నాం, మందులు మింగుతున్నాను. అత్తమ్మ ఒక్కనాడు కూడా నన్ను ఆ మాట అనలేదు. నిష్ఠూరం ఎందుకు ఆడాలి? కానీ ఇంట్లో ఏ శుభం జరిగినా నన్ను కొంచెం ఎడంగా కూర్చోబెట్టేది. "నాగేశ్ పెండ్లాం" అనేది, "పావని" అనేది. కూతురిని పిలిచినట్టు "బిడ్డా" అని నన్ను ఎన్నడూ పిలవలేదు. నాకు నోరెక్కువ గానీ, దాన్ని అడిగి తెచ్చుకునే నోరు కాదు.

ఆ పొద్దున అత్తమ్మ వాకిట్లో చాప పరిచి కాయలన్నీ దాని మీద పెట్టింది. కాయలు ఎంచడంలో ఊళ్ళో ఆమెది పెద్ద చెయ్యి. పెళ్ళి వంటకు కూరగాయలు తేవాలంటే జములమ్మను వెంటబెట్టుకుని సంతకు పోతారు. గుమ్మడికాయ పట్టుకుంటే మొదట తొడిమ చూస్తుంది, అది ఎండి పుల్ల అయి ఉండాలి. తర్వాత గోరు గుచ్చుతుంది. గోరు దిగిందంటే అది ఇంకా లేతదని, ఉడికితే నీళ్ళు నీళ్ళవుతుందని అవతలికి నెడుతుంది. చూపుకు చిన్నగా ఉండి చేతికి బరువు తగలాలి. నేలకు ఆనిన వైపు పసుపుపచ్చగా తిరిగి ఉండాలి. సోరకాయకు వచ్చేసరికి లెక్క మారుతుంది. దానికి గోరు ఇట్టే దిగాలి, ఒంటి మీద సన్నటి నూగు ఉండాలి. చేదొక్కటి మాత్రం కంటికీ గోటికీ దొరకదని, దానికి నాలుకే దిక్కని ఆమే నాకు చెప్పింది. ఆ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

గుమ్మడికాయకు ఆ ఇంట్లో ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టరు. మామ వచ్చి ఒక గాటు పెట్టి, చేతులు దులుపుకుని పోయాడు. ఏడాది మొత్తం మీద వంటకు ఆయన చేసే సాయం అదొక్కటేనని అత్తమ్మ వెనకనుంచి అంటించింది. గుమ్మడి ముక్క కొరికాను, కమ్మగా ఉంది. పొట్లకాయ బాగుంది. పక్కింటి బాలమణి, మామకు చిన్నమ్మ వరస, అరుగు మీద కూర్చుని చింతపండు పిసుకుతూ మమ్మల్ని చూస్తోంది.

అప్పుడు అత్తమ్మ విడిగా దాచిన గంపలోంచి ఒక సోరకాయను రెండు చేతులా ఎత్తి తీసింది. పొడుగ్గా, నున్నగా, లేతగా, ఎవరైనా చూడగానే కొనేటట్టుంది. అది ఎవరూ విత్తనం పెట్టని తీగ కాయ. ఇంటి వెనక పెంటకుప్ప మీద దానంతటదే మొలిచి, కుప్పంతా అల్లుకుని, ఆకుకో పూత పూసింది. విత్తనం పెట్టకుండా, నీళ్ళు పోయకుండా మొలిచిందంటే ఎల్లమ్మే మొలిపించిందని అత్తమ్మ నమ్మకం. ఆ తీగ మొదటి కాయను ఎవరినీ ముట్టనీయకుండా అమ్మవారి కోసం కాపాడింది. మా అమ్మ అయితే పెంట మీద లేచిన సోరతీగను చూడగానే పీకిపారేస్తుంది. వాటిలో చేదువి ఉంటాయని మా మానవపాడు వైపు అందరికీ తెలుసు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. పండుగపూట ఎందుకులే అని మింగేశాను. ఆ రోజు నేను మింగినవాటిలో అది మొదటిది.

ముక్క కొరికాను. చేదు నాలుక మొదలంటా పట్టుకుంది. ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించినా వదల్లేదు.

"అత్తమ్మా, ఇది చేదుగున్నది," అన్నాను.

ఆమె నమ్మలేదు. అమ్మవారు మొలిపించిన తీగ చేదెందుకవుతుందని, ఇంకోవైపు నుంచి ముక్క కోసి ఇచ్చింది. అదీ చేదే. ఆమె నా మొహంలోకి చూసి, సోరకాయ పక్కన పెట్టి, ఒక బీరకాయ ముక్క చేతిలో పెట్టింది. కొరికాను. మొదటి చేదు ఇంకా నోట్లోనే ఉంది కదా, ఆ బీరకాయ కూడా నాకు చేదుగానే తగిలింది. ఉన్నది ఉన్నట్టు అదీ చేదే అని చెప్పాను. కాసేపు ఆగి మళ్ళీ చూస్తానని అంటే సరిపోయేది. అనలేదు.

అత్తమ్మ కత్తిపీట ఆపింది. ఆమె మొహం చూస్తుండగానే మారిపోయింది.

"బీరకాయ గూడ చేదేనా? నాగేశ్ కడుపుల ఉన్నప్పుడు నాకు బెల్లం గూడ గిట్లనే చేదుండె."

అంతే. బాలమణి చింతపండు చేతులతోనే అరుగు దిగి వచ్చింది. ఓ జములమ్మా, కాయలు చేదు కాదే, నీ కోడలు నీళ్ళోసుకున్నదే అంది. కడుపుతో ఉన్న ఆడదాని నోటికి ఏం రుచి తెలుస్తుందంది. లోపలికి పోయి చక్కెర డబ్బా తెచ్చింది.

నాకు తెలుసు. అనుమానం లేకుండా తెలుసు. నెలసరి వచ్చిపోయి అప్పటికి వారం కూడా కాలేదు. అయ్యో లేదు, అది నా నోరు కాదు, సోరకాయే చేదు అని చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచిన నోట్లో బాలమణి చక్కెర పోసింది. నోరు మూసుకున్నాను. ఆ చేదు మీద చక్కెర ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

అప్పుడే అత్తమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, నువ్వు లేవకు. ఆ కత్తిపీట దగ్గరికి గూడ రాకు," అంది.

బిడ్డా అంది. నేను ఇంకేం మాట్లాడతాను?

మామ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నాకు నీడలో వేశారు. అత్తమ్మ ఫోను అందుకుని నాగేశ్‌కు చేసింది, పుణెకు చేసింది, చివరికి మానవపాడులో మా అమ్మకు కూడా చేసింది. మా అమ్మ అవతల ఏడుస్తున్నట్టుంది. ఎందుకేడుస్తవు వదినె, నవ్వాల్నని ఈమె ఇక్కడ కళ్ళు తుడుచుకుంటోంది. నేను కుర్చీలో కూర్చుని కాలి గోరుతో మట్టి గీకుతున్నాను. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఒకటే పోరు. ఒక్క నిమిషం ఆగుదాం, ఈ ఫోను అయిపోనీ, ఈమె కళ్ళు తుడుచుకోనీ అని ఇంకోటి. అట్లా ఒక్కో నిమిషం వెనక్కు నెట్టుకుంటూ పోయాను. నా కళ్ళముందే ఆమె ఆ సోరకాయను ముక్కలు కోసి, గుమ్మడి ముక్కల్లో కలిపి, గుండిగలో వేసింది. కలెగూరలో ఏ ముక్క ఏదో ఇక విడదీయలేం. ఆ గుండిగ పొయ్యి మీదికి ఎక్కింది.

నాగేశ్ నాకు విడిగా ఫోను చేశాడు. అమ్మ ఏందో అంటుందని, మరి పోయిన వారం నీకు వచ్చింది కదా అని మెల్లగా అడిగాడు. తర్వాత చెప్త అన్నాను.  ఒక్కోసారి అట్ల గూడ అయితదంట, డాక్టరమ్మను అడుగుదాం అన్నాడు. లేదని తెలిసిన మనిషి కూడా ఆశపడ్డాడు. ఫోను పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

మధ్యాహ్నానికి గుండిగ నెత్తిన పెట్టుకుని పొలానికి పోయాం. నన్ను ఏదీ మోయనివ్వలేదు. గట్టు మీద పసుపు పూసిన రాయి ముందు ఆకు పరిచి అత్తమ్మ కూర పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, పైకే మొక్కుకుంది. ఏడాది తిరిగేసరికి మనుమడినో మనుమరాలినో ఎత్తుకుని వచ్చి నీ ఒళ్ళో పెడత తల్లీ అంది. ఊరివాళ్ళు, చుట్టాలు చేతులు జోడించి నిలబడ్డారు. నేనూ జోడించాను. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండునని అంటారే, ఆ మాట అంతవరకు ఉత్త మాటే అనుకునేదాన్ని.

బంతి కూర్చుంది. అత్తమ్మే అందరికీ వడ్డించింది. ఒక్కపొద్దు కనుక అందరూ తిన్నాకే ఆమె తింటుంది. నాకు మొదటి ఆకు వేసింది. అందరూ ఒకేసారి మొదటి ముద్ద పెట్టుకున్నారు.  అమ్మవారి ప్రసాదం, ఉమ్మడానికి లేదు. నమలడం ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పిల్లలు మాత్రం కూర పక్కకు తోసి ఉత్త అన్నం మొదలుపెట్టారు. బాలమణి కష్టపడి మింగి, గ్లాసెడు నీళ్ళు తాగింది.

"జములమ్మా, నా నోరు గూడ చేదుగనే ఉన్నది. ఈ వయసుల నేను గూడ నీళ్ళోసుకుంటినేమో చూడు," అంది.

బంతి మొత్తం గొల్లున నవ్వింది. మగవాళ్ళు కూడా మేమూ, మేమూ అన్నారు. అత్తమ్మ కూడా నవ్వింది, పాపం. అదేదో పరాచికం అనుకుంది. నవ్వుతూ నవ్వుతూ మామ ఆకు దగ్గర ఆగి, కూర ఎట్లుందని అడిగింది. మామ తల దించుకుని తింటున్నాడు. మిగతావాళ్ళంతా మెతుకులు కెలుకుతుంటే ఆయన ఒక్కడే ముక్క వెంట ముక్క నోట్లో పెట్టుకుంటున్నాడు. మంచిగున్నదని, ఇంకొంచెం వెయ్యమని ఆకు ముందుకు జరిపాడు. మనుమడి కోసం మొక్కిన కూరను వదలకూడదని ఆయన పట్టుదల.

మా షాపు పక్కన ఒక టైలరు ఉంటాడు. షుగరు తగ్గుతుందని పరగడుపున సోరకాయ రసం తాగేవాడు. ఒకరోజు కాయ చేదుగా వస్తే, చేదైతే ఇంకా మంచిదని తాగేశాడు. రక్తం కక్కుకుని దవాఖానలో పడ్డాడు. ఆ రోజు ఆయన్ను ఆటో ఎక్కించింది నేనే. పొద్దున కుర్చీలో కూర్చుని మట్టి గీకుతున్నప్పుడు ఆ టైలరు నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాడు. వండితే పోతుందిలే, అన్నింటిలో కలిస్తే తగ్గుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

అత్తమ్మ గరిటె ముంచింది. నేను లేచి పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మామా, తినకు. ఎవరూ తినకుండ్రి. సోరకాయ చేదు, అది విషం. నా నోరు మంచిగనే ఉన్నది. నాకేం లేదు, నేను నీళ్ళోసుకోలే."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మామ ముద్ద ఆకులో వదిలేశాడు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ నన్ను చూస్తున్నారు. అత్తమ్మ మాత్రం గుండిగలోకి చూస్తోంది. ఆ గరిటె ఆమె చేతిలో, ఆ చెయ్యి నా చేతిలో.  తర్వాత జనం ఒక్కొక్కరే లేచి చేతులు కడుక్కున్నారు. ఏమీ అనకుండా పోయారు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

మామ గట్టు అవతలికి పోయి వాంతి చేసుకున్నాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి చూసి, ఏదో పొడి కలిపిన నీళ్ళు తాగించి, తిన్నదంతా కక్కేశాడు కాబట్టి భయం లేదన్నాడు. ఆయన ఇంట్లో మంచం మీద వాలాక నేనూ అత్తమ్మా మళ్ళీ పొలానికి పోయి కూర మొత్తం గుంత తీసి పూడ్చాం. అమ్మవారికి పెట్టింది కుప్ప మీద వేయకూడదు, చేదు కనుక గొడ్లకూ పెట్టకూడదు. ఆమె తవ్వింది, నేను పోశాను. ఇంటికొచ్చి ఆ పెంట మీది తీగను వేర్లతో పీకేసింది. పూత పూతగానే ఉంది.

ఆ పీకిన తీగ పక్కనే కూలబడి, పొద్దటినుంచి దాచుకున్నట్టు మెల్లగా అడిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని.

"నువ్వు చేదని ముందే చెప్పినవు. ఇనంది నేనే. గని నీకు ఏం లేదని తెలిసి గూడ ఎందుకు ఊకున్నవు?"

"నువ్వు బిడ్డా అన్నవు అత్తమ్మా," అన్నాను.

 ఆమె నా మొహం చూడలేక చేతులకంటిన మట్టి చూసుకుంది. లేచి ఫోను తీసింది. నేను చేస్తానంటే ఇవ్వలేదు. చెప్పిన నోటితోనే మళ్ళీ చెప్పాలంది. నాగేశ్‌కు చేసింది, పుణెకు చేసింది. పిల్ల తప్పేం లేదు, కాయ చేదని చెప్తే నేనే ఇనకుండ ఊరంత చాటిన అని ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. నా మౌనం సంగతి ఎత్తలేదు. నేను ఆ పక్కనే నిలబడి, అదీ విని, అప్పుడు కూడా ఊరుకున్నాను. మా అమ్మ ఫోను మాత్రం కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేసింది. మూడోసారో నాలుగోసారో కలిసింది. బస్సు చప్పుడులో అమ్మ గొంతు వినపడింది. గద్వాలలో బస్సు మారిందట, జూరాల దాటిందట, ఇంకాసేపట్లో దిగుతానని చెప్పి, మా మాట వినకుండానే పెట్టేసింది.

ఇద్దరం రోడ్డు మీదికి నడిచాం. పొద్దటినుంచి అత్తమ్మ గొంతులో నీళ్ళ చుక్క పడలేదు. కలెగూర పోయింది, ఒక్కపొద్దు విడవడానికి ఇంట్లో ఇంకేం వండలేదు. దారిలో ఆమె నాతో ఒకే మాట అంది. మీ అమ్మకు నేను చెప్త, నువ్వు నోరు తెరవకు అంది.

బస్సు ఆగింది. మా అమ్మ స్వరూప మంచి చీర కట్టుకుని, చంకలో సంచితో దిగింది. నలుగురు చూస్తారనైనా లేకుండా నన్ను పట్టుకుని బుగ్గలు పుణికింది. వదినె, ముందు నా మాట ఇను అని అత్తమ్మ మొదలుపెట్టింది. మాటలు తర్వాత అని అమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. పొద్దున ఫోను రాగానే రొట్టెలు కాల్చి, బెల్లం నెయ్యి వేసి మలీద ముద్దలు చేసిందట. ఆదరాబాదరాగా చేయడంతో ఒకటి రెండు విరిగాయట.

"ముందుగాల నువ్వు నోరు తీపి చేసుకో వదినె," అంటూ ఒక ముద్ద తీసి అత్తమ్మ నోట్లో పెట్టేసింది.

పొద్దంతా ఖాళీగా ఉన్న నోరు. అత్తమ్మ ఉమ్మలేదు, మింగలేకపోయింది. దవడలు కదులుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. సంతోషమని అమ్మ అనుకుంది. కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు తెరవవద్దని తల అడ్డంగా ఊపుతోంది.

ఆ ముద్ద దిగేదాకా ఆమె మాట్లాడే వీల్లేదు. అందుకని నేనే చెప్పాను. నాకేం లేదమ్మా, పొద్దున్నే తెలిసి కూడా నేనే చెప్పలేదు అన్నాను. నా కోసం తీసిన రెండో ముద్ద అమ్మ చేతిలో అట్లాగే ఉండిపోయింది.